బాబాయ్ గారి వలస విధానం

నిడదవోలు

కువైట్‌లో అజ్ఞాతవాసం చేస్తున్న మా పిన్నిగారికి,

నీకు ఫోన్ చేస్తే ఇక్కడ నా పక్కనే బాబాయ్ ఉంటాడు కాబట్టి, ఈ ఉత్తరం అక్కడికే పనికి వస్తున్న మన వీధి రత్తమ్మగారి చేతికిస్తున్నాను.

నిన్న టీవీలో, మన దేశంలోకి దొంగతనంగా వచ్చినోళ్ల మీద చర్చ చూస్తూ బాబాయ్ టీవీకే తీర్పు చెప్పేశాడు. "కాగితాల్లేనోళ్లందర్నీ తరిమెయ్యాలండీ!"

"పిన్నినీనా?" అన్నాను.

"అది పనికెళ్లిందిరా."

"వీళ్లూ పనికే వచ్చారంట బాబాయ్."

ఆయన టీవీ కట్టేసి చేపల చెరువు మీదకి వెళ్లిపోయాడు. నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు.

పాస్‌పోర్టు నువ్వు పనిచేసిన ఇంటి యజమాని దగ్గరే వదిలేసి పారిపోయినా, అక్కడి ప్రభుత్వం జరిమానా లేకుండా ఇంటికి పంపే గడువు నెలాఖరుదాకా ఉందట. కాగితాలు మన ఎంబసీ ఇస్తుందట, వెళ్లు.

నువ్వు పంపే డబ్బుతో ఇంటికి శ్లాబు పడేదాకా బాబాయ్ నిన్ను రమ్మనడు. వానకి పైన బరకం కప్పాం. వచ్చెయ్.

ఇట్లు,
నీ అక్క కొడుకు