ఫాసిజం గురించి నువ్వడిగిన నాలుగు ముక్కలు

బేర్ సరాయ్, ఢిల్లీ

అన్నయ్యకి నమస్కారాలు.

నేనిక్కడ కులాసా. మీరంతా బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఇక్కడ చలికి కుళాయి నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మెస్‌లో రోజూ రాజ్మానే. గోంగూర పచ్చడి ఎవరిచేతనైనా పంపించు. నా గురించి బెంగపడకండి, బాగానే ఉన్నాను.

మొన్న ఫోనులో అన్నావు కదా, "ఏంటే, పెద్ద చదువులు చదువుతున్నావుగా, ఫాసిజం అంటే ఏంటో నాలుగు ముక్కలు రాసి పంపవే. మీటింగులో జనానికి అర్థమయ్యేట్టు ఉండాలి" అని. రాస్తున్నాను.

మా మేడమ్ క్లాసులో బోర్డు మీద ఎడమ నుంచి కుడికి గీత గీసి, రాజకీయ సిద్ధాంతాలన్నీ దాని మీద సర్దితే ఫాసిజాన్ని ఎక్కడ పెడతారని అడిగారు. ఒకడు కుడి కొస అన్నాడు. ఇంకొకడు, అంతా ప్రభుత్వం గుప్పిట్లోనే కదా, ఎడమే అన్నాడు. మేడమ్ ఒప్పుకోలేదు. ఫాసిస్టులు ముందు జైల్లో పెట్టింది కార్మిక సంఘాల వాళ్ళనే, కుడి కొసనే పెట్టమన్నారు. మన జాతి ఒకప్పుడు గొప్పది, ఎవరో చెడగొట్టారు, ఒక్క నాయకుడి వెనక ఒకే గొంతుతో నడిస్తే బాగుపడతామని నమ్మించి, కాదన్నవాణ్ణి శత్రువని కొట్టించడం ఫాసిజమట. కనబడ్డ ప్రతి నిరంకుశుణ్ణీ ఫాసిస్టు అంటే మాట అరిగిపోతుందని కూడా అన్నారు.

ఆ సాయంత్రమే అమ్మ ఉత్తరం వచ్చింది. మీ సంఘం సమావేశంలో, కార్యదర్శిని ఎన్నుకోకుండా ఎందుకు ప్రకటించావని మన ఊరి మాస్టారు నిన్ను అడిగారట. నువ్వు ఆయన్ని ఫాసిస్టుల ఏజెంటు అన్నావట. ఆ రోజు నుంచీ ఆయన దగ్గరికి ట్యూషన్‌కి ఎవరూ ఒక్క పిల్లని కూడా పంపడం లేదట. ఆయన వస్తే టీ కొట్టు దగ్గర బెంచీ ఖాళీ అవుతుందట. నాకు సిగ్గేసింది, అన్నయ్యా. నిన్ను చూసే నేను ఈ చదువులోకి వచ్చాను.

గురివింద తన నలుపెరగదంటారు. నిన్ను ఫాసిస్టు అననులే, ఆ మాట నీకు సరిపోదు. ఆ గీత మీద నువ్వు ఎడమ పక్కనే ఉన్నావు, ఉండు. కానీ మాస్టారి గుమ్మం ఎవరూ తొక్కకపోవడానికి కుడేమిటి, ఎడమేమిటి?

అమ్మకీ వదినకీ నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. కోపంగానైనా సరే, నన్ను దీవించు. ఒక్క పని చేసిపెట్టు. నేను రాసిన ముక్కలు వేదిక మీద చదివేముందు మాస్టారింటికి తీసుకెళ్ళి దిద్దించుకో. నీ మొదటి ఉపన్యాసం ఎర్రసిరాతో దిద్దింది ఆయనే.

నీ చెల్లెలు,
సుగుణ