అప్పన్న కత్తి

కద్మా, 1983 ఆగస్టు, ఆదివారం రాత్రి

ఈరోజు నా బావమరిది అప్పన్నని నా బత్తాయి చెట్టు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. వాడి పెరట్లో చెట్టుకి అంటు కట్టిన చోటు కింద బెరడు పొలుసులుగా ఊడిపోతోంది. దాని కొమ్మలు కోసి, అదే కత్తితో నా చెట్టు దగ్గరికి వచ్చాడు. ఈ రోగం తెచ్చేది వైరస్ కన్నా చిన్నదైన వైరాయిడ్ అనీ, అది కత్తి అంచున చెట్టు నుంచి చెట్టుకి పాకుతుందనీ చదివానని చెప్పాను.

"ఏటి బావా, కత్తికి జొరమొత్తదా?" అని గోడవతలికి వినిపించేలా నవ్వాడు. "ఉక్కు మిల్లులో ముప్పై ఏళ్ళు చేసినాను. ఇనుముకి తుప్పు వత్తాది గానీ రోగమొత్తదేటి? పుస్తకాలు నిన్ను పాగల్ చేసేసినాయి."

వాడి కొడుకు పెళ్ళిలోనూ పదిమందిలో ఇలాగే నవ్వాడు. నేను మర్చిపోలేదు.

"నీ చెట్టు ఎండి మొద్దయ్యాక నవ్వరా" అన్నాను. కత్తి పట్టుకుని పోయాడు.

గెలిచాననుకుంటూ కుర్చీలో కూర్చున్నాక గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందట వానల్లో నా చెట్టు కొమ్మలు కోసిందీ వాడే, వాడి చెట్టు కోసిన ఆ కత్తితోనే. రోగం బెరడు మీద బయటపడడానికి ఏళ్ళు పడుతుందని కూడా చదివాను.

ఈ ఇంట్లో నా మాట విని పెరిగింది ఆ చెట్టొక్కటే.

చీకటి పడకముందే వెళ్ళి చూశాను. అంటు కింద గోరంత పొలుసు లేచి ఉంది. ఎండకి లేచిందేమో. లాగబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నేను చదివింది తప్పు కావాలనీ, ఆ అప్పన్న మాటే నిజం కావాలనీ...

వాడికి మాత్రం చెప్పను.