మూడో పిలుపు

చిరంజీవి సౌభాగ్యవతి రేఖను అమ్మ దీవించి రాసే సంగతులు.

ఇక్కడ నేనూ మీ నాన్నా బాగానే ఉన్నాం. టమోటా సీజను కాబట్టి ఆయన తెల్లవారకముందే మండీకి పోతున్నారు. నువ్వూ, అల్లుడూ, నీ కడుపులోని బిడ్డా చల్లగా ఉండాలని రోజూ గంగమ్మ తల్లి పటం ముందు దీపం పెట్టి అడుగుతున్నాను.

రోజూ ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాం కదా, అమ్మ ఉత్తరం ఎందుకు రాసిందా అనుకుంటావు. నువ్వు జాకెట్ గుడ్డల మధ్య పెట్టి అల్లుడి చేత పంపిన ఉత్తరానికి జవాబు ఇది. ఫోనులో చెప్పబోయి ఆగిపోయాను. ఈ సంగతి గొంతుతో చెప్పడం నాకు ఇష్టం లేదు. కాగితానికి గొంతు ఉండదు. అందుకే పెన్ను పట్టుకున్నాను.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. మోకాలి నొప్పి తగ్గింది, నువ్వు పంపిన నూనె రాసుకుంటున్నాను. పక్కింటి రబియా మేక ఈనింది. ఆడపిల్ల. ఊరికే అరుస్తోందని దానికి నీ పేరు పెడతానంటూ నవ్వుతోంది. చింతపండు కొత్తది వచ్చింది, గింజ తీసి ఉంచాను.

ఇక అక్క గొంతు సంగతి. "చెత్త బండిలో అక్క గొంతు తీసేయమని వీధివాళ్లు మున్సిపాలిటీకి అర్జీ పెట్టినారంట, నువ్వు కూడా సరే అన్నావంట, నీకు మనసెట్ల ఒప్పింది?" అని కోపంగా రాశావు. నీ కోపం న్యాయమే.

మీ అక్క నవనీత మున్సిపల్ ఆఫీసులో పనిచేసే రోజుల్లో చెత్త బండ్లకు ఒక మంచి గొంతు కావాలంటే దాని చేతనే చెప్పించారు కదా. "అమ్మా! చెత్త బండి వచ్చింది. తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకురండమ్మా!" అది వాకిట్లో ముగ్గు వేస్తుంటే దాని గొంతే బండెక్కి వచ్చేది. "వస్తాండానమ్మో, ఎవురో గాని గొంతు బాగుండాది" అని అది జవాబు చెబితే వీధంతా నవ్వేది. పోయిన వానాకాలం జ్వరం దాన్ని తీసుకుపోయింది. గొంతు మాత్రం రోజూ వచ్చేది. మొదట్లో నేను కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయేదాన్ని. తరవాత తరవాత బండి రాకముందే బకెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడేదాన్ని. చాలా రోజులు ఆ బకెట్‌లో చెత్తే ఉండేది కాదు.

దసరా పోయాక ఒక మార్పు వచ్చింది. అన్ని ఇళ్ల ముందూ "అమ్మా" అని ఒక్కసారి అనే గొంతు మన ఇంటి ముందు రెండుసార్లు అనసాగింది. నా దుఃఖమే అలా వినిపిస్తోందనుకున్నాను. ఎదురింటి సరస్వతమ్మ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"శారదమ్మా, నీకూ వినపడిందా? మీ వాకిట్లో రెండుతూర్లు పిలుస్తాంది సూడు."

బండి నడిపే మునిరాజను ఆపి అడిగాం. "పెన్‌డ్రైవ్ ఒకటే కదమ్మా. ఊరంతా ఒకటే మాట. మీ ఇంటికని నేను యాడ నుంచి తెచ్చేది?" అన్నాడు. మరునాడు వీధి మొదట్లోనే స్పీకర్ వైరు పీకి మా అందరికీ చూపించి మరీ బండి తోలాడు. బండి మన ఇంటి ముందుకు రాగానే, "అమ్మా... అమ్మా..." మునిరాజ చేతిలో వైరు అలాగే ఉంది. బండి ఆపకుండా పోయాడు.

ఆ తరవాత పొద్దున పూట ఎవరూ తలుపులు తీయలేదు. వీధి మూలన చెత్త పేరుకుని పందులు చేరాయి. బడికి పోయే పిల్లలు మన వాకిలి దగ్గరికి వచ్చేసరికి పరుగెత్తేవాళ్లు. సరస్వతమ్మ అర్జీ రాయించింది. నన్ను నొప్పించాలని కాదు, ఆమె మనవరాలు జడుసుకుని జ్వరం తెచ్చుకుంది.

మన వార్డు కౌన్సిలర్ నారాయణస్వామి ఆ సంగతిని కౌన్సిల్ సమావేశంలో పెట్టాడు. మమ్మల్ని కూడా పిలిచి వెనక బెంచీల్లో కూర్చోబెట్టారు. కాలువ మీద బండలు, వీధి దీపాలు అయ్యాక మన మాట వచ్చింది. ఒక సభ్యుడు లేచి, "చెత్త బండికి దయ్యం పట్టిందంటే మంత్రగానికి టెండర్ పిలవల్లనా?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. నారాయణస్వామికి కోపం వచ్చింది. "నగొద్దప్పా. రేపు పొద్దున నువ్వే ఆ బండెక్కి మా వీధికి రా, నగుతావో ఏడుస్తావో సూస్తాం" అన్నాడు.

చైర్‌పర్సన్ అమ్మ మంచిది. "ఆ బిడ్డ తల్లి వచ్చి ఉందా? ఆమె ఉంచమంటే ఉంచుతాం. ఇంకెవురి మాటా నేను వినను" అంది.

అందరూ నా వైపు తిరిగారు. నలుగురిలో నోరెత్తే మనిషిని కానని నీకు తెలుసు. రబియా నా చెయ్యి నొక్కి, "నీకు ఉంచుకోవల్లని ఉంటే ఉంచమని చెప్పు అక్కా. ఎవురేమన్నా నేనుండా" అని గుసగుసగా అంది. నేను లేచి, "తీసేయండి తల్లీ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, రెండోసారి చెప్పమన్నారు. చెప్పాను. శారదమ్మది ఎంత పెద్ద మనసని సరస్వతమ్మ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

నాది పెద్ద మనసు కాదు రేఖా. భయం. ఇది ఇంతవరకు మీ నాన్నకు కూడా చెప్పలేదు.

తంబళ్లపల్లెలో మీ అమ్మమ్మ చెప్పిన మాట నీకు గుర్తుందా? "పొద్దున్నే ఎవురు పిలిచినా మూడోతూరి దాకా పలకొద్దండి. గాలి రెండుతూర్లే పిలుస్తాది. మూడోతూరి పిలిచేది మనిషే." అందుకే మీ నాన్న వాకిట్లో నిలబడి పిలిచినా మీ ఇద్దరినీ కదలనిచ్చేదాన్ని కాదు. మూడోసారికి ఆయనకు కోపం వచ్చి కేకలేసేవారు, మీరు పడీపడీ నవ్వేవాళ్లు.

ఆ మాట మీదనే నేను అన్నాళ్లూ పలకకుండా ఉన్నాను. కౌన్సిల్‌కు ముందు రోజు పొద్దున దేవుడి దగ్గర ఉన్నాను. "అమ్మా" అంది. "అమ్మా" అంది. నేను దీపం వత్తి సరిచేసుకుంటున్నాను. మళ్లీ "అమ్మా" అంది.

మూడోసారి. నా ప్రాణం లేచొచ్చింది. "వస్తాండా తల్లీ" అంటూ పోయి తలుపు తీశాను. వీధిలో బండి లేదు. ఆ రోజు మునిరాజ బండే తీయలేదని తరవాత తెలిసింది. వాకిట్లో ఎవరూ లేరు. తలుపు రెక్క వెనక నుంచి, నా చెవికి దగ్గరగా, మెల్లగా అడిగింది.

"పాప యాడుండాదిమా?"

నిన్ను పాప అని పిలిచేది అదొక్కటే. నేను ఆలోచించలేదు రేఖా. అది ఆఫీసు నుంచి వచ్చి అడిగినప్పుడు ఎలా చెప్పేదాన్నో అలాగే చెప్పేశాను. "కుప్పంలో ఉండాదమ్మా. కడుపుతో ఉండాది" అన్నాను. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు.

మరునాడు కౌన్సిల్‌లో తీసేయమన్నాను. తీసేశారు. ఇప్పుడు ఎవరో మగాయన గొంతు వస్తోంది, ఒక్కసారే పిలుస్తోంది. అక్క గొంతు ఫోనుకు పంపమన్నావు కదా, ఆఫీసుకు పోయి అడిగాను. నేను పోయేసరికే అన్నీ తీసేసి ఉన్నారు. ఎక్కడా మిగల్లేదు, ఏ ఊరికీ ఇవ్వలేదు. మళ్లీ మళ్లీ అడిగాను, ఇవ్వలేదనే చెప్పారు.

అందుకే నీ ఉత్తరం చివర సంతోషంగా రాసింది మళ్లీ తీసి చదివాను. "ఇక్కడ కూడా చెత్త బండి మొన్నటి నుంచి అచ్చం అక్క గొంతుతో వస్తోందమ్మా. మా ఇంటి ముందుకొచ్చేసరికి పాపా పాపా అన్నట్టే వినిపిస్తుంది. పరుగెత్తబోయాను, అమ్మమ్మ మాట గుర్తొచ్చి మూడోసారి పిలుస్తుందేమోనని ఆగాను" అని రాశావు.

చెత్త అల్లుడి చేత వేయించమని, పొద్దున వాకిట్లోకి రావద్దని ఫోనులో చెప్పింది అందుకే. కడుపుతో ఉన్నదానివి, బరువులు ఎత్తొద్దని సాకు చెప్పాను.

ఇప్పుడు విను. మూడోసారి పిలిచినా పలకొద్దు. ఎన్నిసార్లు పిలిచినా పలకొద్దు. మీ అమ్మమ్మ చెప్పింది మామూలు గాలికి పనికొచ్చే మాట. ఆ మాట మీ ఇద్దరికీ నేర్పింది నేనే. ఎన్నిసార్లు పిలిస్తే మనం తలుపు తీస్తామో దానికీ తెలుసు.

అది చెడ్డది కాదు. నా బిడ్డ ఎప్పటికీ చెడ్డది కాదు. నిన్ను చూడాలని ఉంటుంది, అంతే. కానీ నువ్విప్పుడు ఒక్కదానివి కాదు.

మంగళవారం గంగమ్మకు అంబలి పోసి, పుంగనూరు మీదుగా పోయే బస్సెక్కి వస్తాను. కాన్పు దాకా నీ దగ్గరే ఉంటాను. నేను వచ్చాక వాకిట్లో నిలబడి పిలవను. గొళ్లెం కొడతాను, నోరు తెరవను. బయటి నుంచి నా గొంతుతో ఎవరైనా "రేఖా" అంటే అది నేను కాదని గుర్తుంచుకో.

రబియా భర్త కలీం టమోటా లోడుతో రేపు కుప్పం వస్తున్నాడు. ఇది నీ చేతికే ఇమ్మని చెప్పాను. ఈ కాగితాలు చించొద్దు, నీ బీరువాలో పసుపు కుంకాల దగ్గర దాచు. అల్లుడికి గానీ మీ అత్తకు గానీ చూపించొద్దు. ఎప్పుడైనా మనసు ఆగక పలకాలనిపిస్తే తీసి చదువుకో. మనసులోనే చదువుకో తల్లీ, పైకి చదవొద్దు.

ఇట్లు,
మీ ఇద్దరినీ కన్న అమ్మ