పావని మడమలు

ఆదివారం.

కొడుకు దగ్గు తగ్గింది. కోడలికి నడుమునొప్పి అట్లే ఉండాది. బర్రె బాగుండాది. నా దిగులంతా మనవరాలు పావని తొడ గురించే. పోయినేడు పరుగుపందెంలో తొడ వెనక కండ పట్టేసి, సగం దోవలోనే కూలబడింది. వచ్చే నెల మళ్లా పందెమంట.

ఆ కండ గట్టిపడాలని కోచ్ సారు ఒక కసరత్తు నేర్పినాడు. మోకాళ్ల మీద నిలబడి, నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలాల. వెనక ఒకరు మడమలు అదిమి పట్టుకోవాల. ఈపొద్దు ఆ పని నాకొచ్చింది. బిడ్డ వాలేసరికి మూతి పగుల్తాదేమో అని భయమేసి, మడమలు వదిలేసి చొక్కా పట్టి గుంజినా. ఇద్దరమూ పోయి వాకిట్లో ఉండే శెనక్కాయ పొట్టు కుప్పలో పడినాము.

"ఏమవ్వా, పట్టుకుంటాండావా, పడేస్తాండావా?" అని ఒకటే నవ్వు.

"నావల్ల కాదు తల్లీ. మడమల మీద మూట పెట్టుకో."

"మూటకు నా మీద ప్రేముంటాదా? నువ్వే పట్టుకో" అనింది.

కండ్లు మూసుకోని పట్టుకున్నా. ఈసారి వదల్లేదు. బిడ్డ కాళ్లు వణికేది నా చేతులకు తెలుస్తాండాది. అది బలమొచ్చే వణుకేనంట. ఏమో...

సాయంత్రం హాస్టల్‌కు పోయింది. ఆడ ఎవరు పట్టుకుంటారో, గట్టిగా పట్టుకుంటారో లేదో. పొట్టు ఊడ్చొద్దని కోడలికి చెప్పినా. శుక్రవారం మళ్లా వస్తాది.