చక్రం కాదు, వాయువు

తిరుపతి, మే 1946, శనివారం

ఈ సాయంత్రం పఠనాలయంలో నక్షత్రాల మీద మాట్లాడుతూ, చచ్చిపోతున్న ఒక నక్షత్రం చుట్టూ వలయంలా వెలిగే వాయువు ఫోటో చూపించాను. ముందు కూర్చున్న పెద్దాయన దాన్ని సుదర్శన చక్రమనుకుని కళ్లకద్దుకుని కుంకుమ పెట్టాడు. అంతే, అందరూ లేచి దండాలు!

"అది నక్షత్రం వదిలిన వాయువయ్యా! ఇప్పటికీ బయటికి పరుగెడుతూనే ఉంది" అని అరిచాను.

పఠనాలయం అధ్యక్షుడు మా బావే. చెవిలో గొణిగాడు: "చక్రమనే అనుకోనీలేప్పా, నీ సొమ్మేం పోతాది? కాదంటివా, రేపట్నించి నీకు ఈడ సోటు లేదు."

"ఆ చోటు నువ్వే ఉంచుకో బావా."

కుంకుమ తుడిచి, ఫోటో తీసుకుని వచ్చేశాను. హాలు లేకపోతే వినడానికి ఎవరొస్తారో... రాకపోతే పోనీ. రేపు పఠనాలయం ఎదుటే ఎద్దుల బండెక్కి మాట్లాడతాను. బావ కిటికీలు మూసుకోవలసిందే.