మూరెడు చోటు

కోయంబత్తూరు,
ఆదివారం మధ్యాహ్నం.

తమ్ముడు కదిరవన్‌కు,

ప్రభువు దయవల్ల ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, నువ్వూ అక్కడ క్షేమమేనని రాయబోయి ఆగాను. నుదుటి మీద మూడు కుట్లు వేయించుకున్నవాణ్ణి క్షేమమా అని అడగడానికి చెయ్యి రాలేదు.

ఫోనులో చెప్పొచ్చు కదా, ఈ కాగితమేమిటని నవ్వుకుంటావు. ఉన్నది ఒక్క గది. అమ్మ, మన చెల్లి నిత్య, దాని కూతురు దర్శిని, నేను. ఒకరు ఫోనెత్తితే మిగిలిన ముగ్గురూ వింటారు. ఆదివారం బడిలో నేర్చిన ఈ తెలుగు అక్షరాలు ఇంట్లో నీకూ నాకూ తప్ప ఎవరికీ రావు. ఉత్తరం తెచ్చేది కాంతమ్మత్త కొడుకు శబరి. నీ ఓడకే, మీ లాండ్రీకే వస్తున్నాడు. వాడికీ చదవడం రాదు, అయినా కవరు గట్టిగా అంటించాను.

నువ్వడిగినవి ముందు చెబుతాను. అమ్మ మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. నూనె రాస్తానంటే, "నీ చేతులు మొద్దు మే, నిత్య రాస్తాది, నువ్వు పో" అంటుంది. నీ అటక మీద ఇప్పుడు ఎవరు పడుకుంటున్నారని అడిగావు. దర్శిని. ఎనిమిదేళ్లే కదా, దానికింకా తల తగలడం లేదు.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. ఐదు వేల ఎనిమిది వందల మంది ప్రయాణికులు, తొమ్మిది ఈత కొలనులు అని చదువుతుంటే నోరు తెరుచుకుని విన్నది. తర్వాతి పేజీ మింగేశాను. నలుగురున్న గదిలో పై పడక నీదని, తలకు పైన గాలి గొట్టమొకటి వంపు తిరిగి పోతుందని, నిద్రలో ఉలిక్కిపడి లేస్తే దాని అంచు నుదుటిని చీల్చిందని రాశావే, అది. "అటక మీంచి దిగిపోవాలనే గదక్కా ఓడెక్కింది. సగం లోకం తిరిగొచ్చి మళ్లీ అటక మీదనే పడుండాను. ఈ గది గీసినవాడి చేతులిరిగిపోను" అన్నావు చూడు, అదీ.

ప్రయాణికులు తిరిగే అంతస్తులో, మా ఓడలో ఒక్కొక్కరికీ ఎంత చోటుందో చూడండని గోడ మీద రాసి పెట్టారట, అది అబద్ధమా అక్కా అని అడిగావు. అబద్ధం కాదురా. ఆ లెక్కే నా ఉద్యోగం. ఓడ లోపలి కొలత మొత్తాన్ని ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తారు. వచ్చిన అంకె పెద్దదైతే ఓడ విశాలమైనదని చాటుకుంటారు. ఆ సంఖ్యలో దుప్పట్లు ఉతికే కదిరవన్ లేడు. వండేవాళ్లు, తుడిచేవాళ్లు ఎవరూ లేరు. కానీ మీరు పడుకునే గదులు మాత్రం ఓడ కొలతలో ఉన్నాయి. అంటే కాగితం మీద నీ పడక కూడా, నువ్వు ఇస్త్రీ చేసిన దుప్పటి కప్పుకునే దొరసానిదే.

ఇప్పుడు విను. కోపం తర్వాత తెచ్చుకో.

ఆర్.ఎస్. పురంలో మా ఆఫీసుకు వచ్చే పటాల మీద ఓడల పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. నీ ఉత్తరం చదివిన మర్నాడు ఆ గొట్టం వంపు గుర్తొచ్చి పాత ఫైలు తెరిచాను. మూడో అంతస్తు, లాండ్రీ పక్క వసారా, ఎడమ చేతి వైపు ఏడో గది. నీ తలుపు నంబరూ అదే. ఆ గది గీసింది నేనేరా.

మొదట అందులో రెండే పడకలు. ప్రయాణికుల సంఖ్య పెంచారు, వాళ్లు తిరిగే హాళ్లు మాత్రం తగ్గకూడదన్నారు, మీ వసారాల్లో ఒకటి దాని గదులతో సహా ఎగిరిపోయింది. మిగిలిన గదుల్లో నాలుగేసి పడకలు పట్టించమన్నారు. రూలు చెప్పిన పొడవూ వెడల్పూ అన్నీ సరిపోయాయి. వీడియో మీటింగులో ఓడ కట్టించే కంపెనీ విదేశీ ఇంజనీరే కొంచెం తటపటాయించాడు. గొట్టం కింద ఇంత తక్కువలో మనిషి పడుకోగలడా అని అడిగాడు. మా మేనేజరు రాజ్‌మోహన్ నా వైపు చూశాడు.

నేను లేచి వెళ్లి ఆఫీసు నేల మీద వెల్లకిలా పడుకున్నానురా, అందరి ముందూ. మోచేయి నేలకానించి చెయ్యి నిలబెట్టి, ఈ మూరెడు చాలు అన్నాను. నా మూర! ఐదడుగులు కూడా లేని దాని మూర! అంతటితో ఊరుకున్నానా? "మా తమ్ముడు పన్నెండేళ్లు అటక మీద పడుకున్నాడు, వాడికేమీ కాలేదు" అన్నాను. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. మన ఇరుకును చూసి ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. నాకు గర్వంగా ఉండింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఆ నెలలోనే ఆఫీసులో నాకు సొంత గది ఇచ్చారు.

పోయిన వారం రెండో ఓడ పటం నా బల్ల మీదికి వచ్చింది. అవే గదులు. గొట్టాన్ని జానెడు పక్కకు జరపమని రాజ్‌మోహన్‌ను బతిమాలాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "నీ తమ్ముడికేం కాలేదన్నావే జెబా" అన్నాడు. మళ్లీ సంతకం పెట్టాను. ఇల్లు నా జీతం మీద నడుస్తోంది అని సాకు చెప్పొచ్చు. అది నిజమే, కానీ అందుకు పెట్టలేదు. ఏమీ కాలేదని నేను చెప్పినవాడి నుదుటి మీద కుట్లున్నాయని ఆ గదిలో నిలబడి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇంకొకటుంది. కింది పడకవాడు నెలాఖరుకు దిగిపోతున్నాడని, కొత్తవాడొస్తే పై పడక వాడిదై నువ్వు కిందికి దిగుతావని రాశావు. కొత్తవాణ్ణి నేనే వెతికాను. నిన్ను పంపిన ఏజెంటు దగ్గరికి శబరిని తీసుకుపోయింది నేనే.

పెట్టె సర్దుతూ కాంతమ్మత్త అడిగింది: "ఏమే జెబా, అక్కడ నా బిడ్డకి పడుకోను తావు బాగుంటాదా?"

"బలే ఉంటాదత్తా, మన కదిరవన్ ఉండే గదే" అన్నాను.

ఆమె నా చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. శబరి పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. మన గుమ్మంలోకి రావాలంటే వంగి రావాలి వాడు, నీకంటే నాలుగు వేళ్లు పొడుగు.

నువ్వు కిందికి దిగు. మంచితనానికి పోయి, చిన్నవాడు పాపం అని పైకెక్కావో, ఇంత పాపం నేను ఊరికే మూటగట్టుకున్నట్టు అవుతుంది. మొదటి రోజే వాడికి చెప్పు, లేచే ముందు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేవమని. ఎవరు చెప్పమన్నారని అడిగితే నా పేరెత్తకు.

ఇట్లు,
నువ్వు తిట్టిన ఆ చేతులతోనే రాసిన
నీ అక్క
జెబమలర్