బీడీ దారం చుట్టిన వైర్లు

బోధన్, 14-8-1998

అవ్వా, ఇక్కడ రెండు రోజులుగా ముసురు, షెడ్డులో పని మాత్రం ఆగలేదు. నేను బాగున్నాను.

ఇవాళ పున్నయ్య గారని ఒకాయన నాందేడ్‌లో కొన్న పాత కారు తెచ్చి, "ఈ పాటల టేపూ దొంగల సైరనూ పీకెయ్యవయ్యా, తెల్లారేసరికి బ్యాటరీ చస్తోంది" అన్నారు. విప్పి చూస్తే వైర్ల అతుకులకు బీడీ దారం, నువ్వు బీడీకి చుట్టినట్టే చుట్టి ఉంది. అలా కట్టేది మన చిన్నయ్య ఒక్కడే. ఇల్లు విడిచి పోయిన మూడేళ్లకు తమ్ముడి చేతిపని కనబడింది. టేపు మీద అది బిగించిన నాందేడ్ దుకాణం చీటీ ఉంటే ఆ నంబరుకు ఫోన్ చేశాను.

ఇల్లు కురుస్తోందా? బీడీల తునికాకు తడవనీయకు. చిన్నయ్య ఫోటో ఉంటే వెంటనే పంపు, అడుగుతూ తిరగడానికి కావాలి. పక్కింటి గంగుబాయి అక్కను అడిగానని చెప్పు.

ఫోన్లో దుకాణం ఆయన అన్నది ఇంతే: "మార్కండేయన్నవా? మీ తమ్ముడు నీ ముచ్చట చెప్తుండె. మొన్న సోమారం పొద్దుగాల్నే పని ఇడిసి పోయిండు, యాడికో చెప్పలే."